మా బావ ముందు పళ్ళు

మా బావ త్యాగరాజు సన్నాయి వాయిస్తాడు, నేను డోలు వాయిస్తాను. శృంగవరపుకోట చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో మమ్మల్ని చూడనివాళ్ళు తక్కువ. మా పేర్లు తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. ‘మేళం వాళ్ళు’ అంటే మేమే. బావ మా అలివేలక్క మొగుడు. పేరు పెట్టినప్పుడే వాళ్ళ నాన్న ఆయన బతుకు రాసేశాడు, ఆ పేరు పెట్టుకుని ఎరువుల కొట్లో గుమాస్తాగా చేరలేడు కదా. వేదిక పక్కన కూర్చున్నాక నోరు ఆయనది, చేతులు నావి, దెబ్బలాటలు మాత్రం ఇద్దరివీ.

మొన్నటి మాఘంలో మొదటి ముహూర్తం శృంగవరపుకోటలోనే, బస్టాండు దగ్గర కల్యాణ మండపంలో. పెళ్ళికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు. పురోహితుడు మావైపు చెయ్యి ఊపాడు. గట్టిమేళం అందుకున్నాను. బావ కింది స్వరాల నుంచి పైకి ఎక్కి, అక్కడ నిలబడాల్సిన చోట నిలబడలేకపోయాడు. స్వరం చీలిపోయి, గాలి మూతి పక్కనుంచి బుస్సుమని పోయింది. నేను డోలు ఇంకా గట్టిగా బాది కప్పేశాను. జనం అక్షింతలు విసిరే హడావిడిలో ఉన్నారు, ఎవరికీ ఏమీ తెలియలేదు. పాతికేళ్ళుగా ఆయన పక్కన కూర్చున్నవాణ్ణి, నాకు తెలిసింది.

భోజనాలయ్యాక మండపం వెనక కుళాయి దగ్గర ఆయన వేలితో పై పళ్ళు ఒత్తి చూసుకుంటున్నాడు.

"కదుల్తన్నాయిరా" అన్నాడు.

"ఏటి?"

"ముందు పళ్ళు. నాలుగూను."

సన్నాయి కొసన నోట్లో పెట్టుకునే పీకని పట్టుకునేది పెదాలే గానీ, ఆ పెదాలకి వెనక దన్ను పళ్ళే. అవి పోతే ఊపిరి ఎంత ఉన్నా లాభం లేదు. బావ వాళ్ళ నాన్నకి అలాగే పోయాయి. ఆ తరవాత ఆయన నాలుగేళ్ళు బతికాడు. మేం వాయించుకుంటుంటే గోడకి ఆనుకుని కూర్చుని, తొడ మీద తాళం వేసుకునేవాడు. ఆయన్ని చూడలేక బావ మొహం అటు తిప్పుకుని వాయించేవాడు.

విజయనగరంలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చిగుళ్ళు నొక్కి చూసి, "సుగర్ ఉందా?" అని అడిగాడు.

"ఉన్నాదండి. మా ఈదిలో అందరికీ ఉన్నాది" అన్నాడు బావ, అదేదో రేషన్ కార్డు అయినట్టు.

చిగుళ్ళు తాను శుభ్రం చేస్తానని, కానీ ఒంట్లో సుగర్ ఇలాగే ఉంటే చిగురు పన్నుని పట్టి ఉంచలేదని చెప్పాడు డాక్టరు. "మూడు నెలల తరవాత చూద్దాం. సుగర్ దిగితే పళ్ళు నిలబడొచ్చు. దిగకపోతే నాలుగూ తీసెయ్యాలి. అంతవరకు గట్టివి కొరకొద్దు, ఇంట్లో ఊదొద్దు. పెళ్ళిళ్ళు తప్పవంటున్నారు కాబట్టి అవి మాత్రం చేసుకోండి" అన్నాడు. మూడు నెలలంటే వైశాఖం. మేం ఒప్పుకున్న పెళ్ళిళ్ళన్నీ ఈలోపే.

అదే మేడ మీద సుగర్ డాక్టరు ఉంది, అనిత గారు. రక్తం తీయించింది. సుగర్ మూడు నెలల సగటు పది దాటిందని కాగితం చూపించి, ఏం తింటారని అడిగింది. బావ సర్దుకుని కూర్చున్నాడు. తిండి విషయంలో తనంత నియమం గలవాడు లేడని ఆయన నమ్మకం.

"శనివారం ఒక్కపొద్దండి."

"ఆ రోజు ఏం తింటారు?"

"పగలు బోజనం. రాత్రి ఏటీ తిన్నండి. ఫలారమే."

"ఫలహారం అంటే?"

"ఉప్మా. లేపోతే పూరీ. రెండు అరిటిపళ్ళు, గళాసుడు పాలు."

"అంటే అన్నం ఒక్కటే తినరు."

"అన్నం తింటే ఒక్కపొద్దు ఎలగవుతాదండి?"

డాక్టరు నవ్వలేదు. నేను నవ్వాను. బావ నావైపు చూసిన చూపుకి ఆపేశాను.

ఆవిడ కాగితం తిప్పి ఒక కంచం బొమ్మ గీసింది. సగం గీత కొట్టి అక్కడ కూరలూ ఆకుకూరలూ అంది. మిగిలిన సగంలో పప్పులు, ఉలవలు, కొంచెం కొర్రన్నమో సామన్నమో. మాంసం, చేప, గుడ్డు, పాలు, నెయ్యి మూడు నెలలు పూర్తిగా పక్కన పెట్టి చూద్దామంది. పెళ్ళి మిఠాయిల సంగతి వేరే చెప్పక్కర్లేదంది. "అందరికీ ఇదే మందని నేను చెప్పను. మీకు పని చేస్తుందని అనుకుంటున్నాను. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, పెంచొద్దు" అంది. బి ట్వెల్వ్ మాత్ర కూడా ఒకటి రాసింది.

బావ ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. "ఇది మా ముసిల్ది తిన్న కూడు గదండి. ఈ కూడు తప్పించుకుందారనే మా తాత సన్నాయి పట్టినాడు" అన్నాడు.

ఈసారి డాక్టరు కూడా నవ్వింది.

ఇంటికొచ్చాక ఎవరూ నవ్వలేదు. అక్క ఆ మర్నాడే కొర్రన్నం వండి, తోటకూర పప్పు, ఆనపకాయ కూర, ఉలవచారు చేసింది. కూర ఇంతెత్తున, అన్నం అరచేతి పాటి. బావ కంచం ముందు కూర్చుని, "కంచంలో తోటున్నాది. కూడేది?" అన్నాడు.

"అదే కూడు."

"గొడ్డు తింతాది ఇలగ. మనిసి తింతాడా?" అని కంచం ముందుకు తోసేశాడు. చారు నేల మీద ఒలికింది.

అక్క అరుస్తుందనుకున్నాను, అరవడం దానికి కష్టమైన పని కాదు. అది గుడ్డ తెచ్చి నేల తుడిచింది. తుడుస్తూనే, "మీ నాన్నకి నాలుగేళ్ళు మెత్తటన్నం పిసికి పెట్టినాను. నీకు పెట్టలేను. నాకు ఓపిక నేదు" అంది. అది ఏడవటం నేను మా అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఆ రోజు.

బావ కంచం తన వైపు లాక్కున్నాడు. మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఉప్పు సాల్లేదు" అన్నాడు. అక్కడితో ఆ గొడవ సర్దుమణిగింది.

నాకు మాత్రం కొత్త గొడవ మొదలైంది. పక్కన ఇంకొకడు కోడికూర తింటుంటే ఈయన నిలబడలేడని, రెండిళ్ళ అవతల ఉండే నేను కూడా అదే తినాలని అక్క తీర్మానించింది. నాకు సుగర్ లేదని మొరపెట్టుకున్నాను. "వచ్చేదాకా ఆగుతావేటి?" అంది. ఆదివారం మధ్యాహ్నం వీధంతా మసాలా వాసన వస్తుంటే మేమిద్దరం పెరట్లో కూర్చుని బొబ్బర్లు నములుకునేవాళ్ళం. బావ కళ్ళు మూసుకుని గాలి పీల్చి, "నారాయణమ్మోలింట్లో నాటుకోడి. అల్లం ఎక్కువేసీసినాది" అనేవాడు. అంత దూరం నుంచి అల్లం లెక్క చెప్పగల మనిషిని అంతకు ముందూ చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

మాఘం దాటి ఫాల్గుణం వచ్చేసరికి ఆయనలో ఏదో మారింది. మధ్యాహ్నం తిన్నవెంటనే గోడకి జారబడి నిద్రపోయే మనిషి సంతకి బయల్దేరడం మొదలెట్టాడు. కొండ మీంచి దింపిన అరటి దూట ఎవరి దగ్గర లేతగా ఉందో, పొన్నగంటి కూర ఏ వేళకి వస్తుందో ఆయనకే తెలిసేది. కూరల వాళ్ళతో బేరం ఆడుతూ రాగాల గురించి మాట్లాడినంత సేపు మాట్లాడేవాడు. అరికాళ్ళ మంటలు తగ్గాయని ఒకరోజు తనే అన్నాడు. ఆనపకాయలో నువ్వులపొడి వేస్తే బాగుంటుందని అక్కకి చెప్పింది కూడా ఆయనే. అక్క నా వైపు చూసి కళ్ళతోనే నవ్వుకుంది.

పెళ్ళిళ్ళకి క్యారేజీ పట్టుకెళ్ళడం మాత్రం పెద్ద చిక్కు అయిపోయింది. పెళ్ళింటి వాళ్ళకి మేళం వాళ్ళు తినకుండా వెళ్ళడం అపశకునం లెక్క. కొందరు బతిమాలేవారు, కొందరు విసుక్కునేవారు. బావ అందరికీ చేతులు జోడించి, కుర్చీల వెనక మూల చూసుకుని మూత తీసేవాడు. అదీ తాళి పడ్డాకే. పెళ్ళిరోజు స్నానం చేసింది మొదలు తాళి కట్టేదాకా సన్నాయి ఊదే నోట ఎంగిలి పడకూడదని వాళ్ళ ఇంటి నియమం. తాత పాటించాడు, నాన్న పాటించాడు, ఈయనా పాటిస్తున్నాడు. డాక్టరుకి ఒక్కపొద్దు గురించి గొప్పగా చెప్పుకున్న మనిషి ఈ సంగతి మాత్రం చెప్పలేదు. ఇది తిండి సంగతి కాదు, సన్నాయి సంగతి అని ఆయన లెక్క. డాక్టరుకి చెప్పాలని నాకూ తట్టలేదు.

చైత్రంలో ఆమదాలవలసలో తిరుమలరావు గారింట పెళ్ళి వచ్చింది. ఆయన వడ్ల వ్యాపారి, పెద్ద రైతు. ఇంటి ముందే పందిరి. వాళ్ళ నాన్న పెళ్ళికి మా బావ తాత వాయించాడట, అందుకే అంత దూరం నుంచి పిలిపించాడు. మేం తెల్లవారే రైలు దిగి వెళ్ళేసరికి టిఫిన్లు నడుస్తున్నాయి. తిరుమలరావు గారే ఎదురొచ్చి తినమన్నాడు. బావ తన నియమం చెప్పాడు. తాళి పడ్డాక భోజనం చేద్దురు గానిలే అన్నాడాయన. అప్పుడు నా చేతిలో క్యారేజీ ఆయన కంట పడింది.

"అదేటి?"

"బోజనం, బాబూ. సుగరు... డాట్రమ్మ..." అని బావ మొదలెట్టాడు.

"సుగర్ ఎవులికి నేదురా? నాకు నేదా?" అని గొంతు పెంచాడాయన. "మూడు తరాలు మా ఇంట్లో మేళం వోలు తినీ ఎల్లినారు. ఇయాల నా కూతురి పెళ్ళికి డబ్బాలట్టుకొచ్చినారా? మా కూట్లో ఏటి కలిపీసినామని?"

సమాధానం వినకుండా వెళ్ళిపోయాడు. పెళ్ళిపెద్ద మనసు కష్టపెట్టుకున్న చోట వాయించడం మాకు ఎంత ఇబ్బందో చెప్పలేను. బావ తల దించుకుని సన్నాయి బయటికి తీశాడు.

మగపెళ్ళివారి బస్సు ఎక్కడో ఆగిపోయింది. వాళ్ళు దిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బావ పొద్దున్నే మాత్ర వేసుకున్నాడు. ఇదివరకు ఒంట్లో సుగర్ ఎప్పుడూ కొండెక్కి ఉండేది కాబట్టి ఎంతసేపు ఖాళీ కడుపుతో ఉన్నా ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు తిండి మారింది, ఒళ్ళు మారింది, మాత్ర మాత్రం పాతదే. ఈ లెక్క నాకు ఆ తరవాత డాక్టరు చెబితే తెలిసింది.

పెళ్ళికూతుర్ని గంపలో తెచ్చారు. తిరుమలరావు గారు, ఆయన భార్య పీటల మీద కూర్చున్నారు. బావ ఊదుతున్నాడు. వేళ్ళు సన్నాయి మీద తడబడుతున్నాయి. చూస్తే చొక్కా నీళ్ళలో ముంచి తీసినట్టు ఉంది. కళ్ళు నావైపు తిరిగాయి గానీ నన్ను చూడటం లేదు.

నేను డోలు ఆపేశాను. పెళ్ళి మధ్యలో డోలు ఆపడం నా బతుకులో అదే మొదలు. పందిరంతా ఒక్కసారి మావైపు తిరిగింది. గుండెపోటేమోనని డోలు పక్కకి నెట్టి ఆయన్ని పట్టుకున్నాను.

తిరుమలరావు గారు పీటల మీంచి లేచాడు. "అయ్యా, మధ్యలో లేవకూడదండీ" అని పురోహితుడు అంటూనే ఉన్నాడు. తిరుమలరావు గారు పీటల ముందున్న పళ్ళెంలోంచి ఒక బెల్లం గడ్డ తీశాడు, జీలకర్రతో కలిపి పెళ్ళికొడుకు పెళ్ళికూతురు నెత్తిన పెట్టాల్సిన బెల్లం. అది పట్టుకుని నేరుగా మా దగ్గరికి వచ్చి బావ ముందు గొంతుక్కూచున్నాడు.

"నోరు తియ్."

బావ తల అడ్డంగా ఊపాడు. "తాళి పడనేదు బాబూ... ఎంగిలి..."

"పెళ్ళి బెల్లం ఎంగిలేటిరా? తియ్ నోరు. నాకూ ఇలగే వస్తాది, నాకు తెల్దా?"

తన చేత్తోనే నోట్లో పెట్టాడు. నీళ్ళు తెప్పించి తాగించాడు. బావ వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు గొణిగితే, "మేళం నేకుండా తాళి కట్టిస్తారేటి? ఆగండి" అన్నాడు.

కాసేపటికి బావ మొహంలోకి రంగు వచ్చింది. పీక తడిపి సన్నాయికి పెట్టాడు. తిరుమలరావు గారు వెళ్ళి పీటల మీద కూర్చున్నాడు. తాళి కట్టేవేళ బావ పైకి ఎక్కాడు, మాఘంలో జారిపడిన చోటే. అక్కడ నిలబడ్డాడు.

జనం భోజనాలకి లేచాక మేం పందిరి వెనక చాప పరుచుకుని క్యారేజీ తీశాం. తిరుమలరావు గారు అటే వచ్చాడు. మళ్ళీ ఏమంటాడో అని లేవబోయాం. ఆయన మా ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

"నాకూ ఇంతెట్టు" అన్నాడు.

బావ నా మొహం చూశాడు. "మీకా, బాబూ?"

"మరెవులికి? అది కొర్ర బువ్వే గదా. మా యమ్మ వొండీది."

క్యారేజీ మూతలో కొర్రన్నం, ఉలవచారు, ఆనపకాయ కూర పెట్టి ఇచ్చాను. వాళ్ళ ఇళ్ళల్లో మా తాతలు ఆఖరి బంతిలో, పెరట్లో కూర్చుని తిన్నవాళ్ళు. వడ్డన చేస్తున్నవాళ్ళు ఆగి చూస్తుంటే ఆయన అటు తల తిప్పనైనా లేదు. చారు మూతలోంచే తాగి, ఇంకొంచెం పొయ్యమన్నాడు.

"సుగరు దిగినాదా దీన్తోటి?" అని అడిగాడు.

"దిగుతన్నాది బాబూ. దిగినట్టే ఇయాల ఇలగయినాది" అన్నాడు బావ.

"అయితే మీ డాట్రమ్మ పేరు సెప్పు. నాను తిట్టింది మనసులో ఎట్టుకోకు."

అనిత గారు బావని మాత్రం బాగా తిట్టింది. మాత్ర వేసుకుని తినకుండా ఉంటే సుగర్ మరీ పడిపోతుందని, అది ఎంత ప్రమాదమో వివరంగా చెప్పి, మాత్ర మోతాదు తగ్గించింది. ఇక నుంచి పెళ్ళి ఉన్నా పేరంటం ఉన్నా పొద్దున్నే తినాల్సిందే అంది. మూడు తరాల నియమం కదా, బావ కష్టపడతాడనుకున్నాను. "పెళ్ళి బెల్లం పడ్డాక ఇంకేటి నియమం లెండి" అన్నాడు తేలిగ్గా. మర్నాటి పెళ్ళికి ఉలవ గుగ్గిళ్ళు తిని, నోరు పుక్కిలించి, సన్నాయి అందుకున్నాడు.

వైశాఖంలో మళ్ళీ విజయనగరం వెళ్ళాం. ఈసారి అక్క కూడా వచ్చింది. మూడు నెలల సగటు ఏడుకి దగ్గరగా దిగింది. ఇంకా దిగాలి, ఇదే తిండి సాగాలి అని అనిత గారు చెప్పింది. కింద పళ్ళ డాక్టరు కుర్చీలో బావ నోరు తెరుచుకుని పడుకుంటే, గోడ దగ్గర అక్క నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. నేను విడిపించుకోలేదు.

డాక్టరు ఒక్కో పన్నూ కదిపి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మూడు గట్టిపడ్డాయి. ఎడమ చివరిది ఇంకా కొంచెం ఆడుతోంది. దాన్ని వెనక నుంచి సన్న తీగతో పక్క పన్నుకి కడతాను. ఏదీ తీయక్కర్లేదు" అన్నాడు.

బావ లేచి కూర్చుని, "ఇంట్లో సాదకం సేసుకోవచ్చాండి?" అని అడిగాడు. ముందు అడిగింది అదే.

"రోజూ కాసేపు చేసుకోండి. నొప్పి పుడితే ఆపండి."

బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుని దారంతా కొంగుతో మొహం తుడుచుకుంటూనే ఉంది, ఎండ అని చెప్పింది.

మర్నాడు చీకటి ఇంకా పూర్తిగా విడవకముందే నాకు మెలకువ వచ్చింది. రెండిళ్ళ అవతల సన్నాయి. లేచి వెళ్ళేసరికి పెరట్లో బావ గోడ వైపు తిరిగి కూర్చుని వాయిస్తున్నాడు. వేళ్ళు తడబడ్డాయి. ఒకచోట తప్పాడు, మళ్ళీ మొదటికి వచ్చాడు, అక్కడే మళ్ళీ తప్పాడు. ఇన్ని నెలలు సాధకం లేని చెయ్యి మరి. అక్క పొయ్యి మీద చోడి అంబలి కలుపుతూ కలుపుతూ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

పక్కింటి కూర్మమ్మ గోడ మీంచి తల పెట్టింది, నిద్ర మొహంతో. "ఏటి అలివేలూ, ఇంకా తెల్లారనేదు. ఏటీ గోల?"

అక్క గరిటె పట్టుకునే గోడ దగ్గరికి వెళ్ళింది. అరవడం కోసమే వెళ్ళిందనుకున్నాను. దాని మొహం నిండా నవ్వు ఉంది, కళ్ళ నిండా నీళ్ళు ఉన్నాయి.

"ఓర్సుకో వొదినా" అంది. "ఇంకా ఇరవయ్యేళ్ళు ఇదే గోల."